రఖ్బా వేరు, ఇహాతా వేరు

మన పిల్లలు ఐదో తరగతిలో తడబడే లెక్క ఒకటుంది. కష్టమైనదేమీ కాదు. పొడవు, వెడల్పు ఇచ్చి వైశాల్యం అడిగితే కలుపుతారు. చుట్టుకొలత అడిగితే గుణిస్తారు. టీచర్లను అడిగితే "సూత్రాలు గుర్తుండటం లేదండీ, మళ్లీ మళ్లీ రాయిస్తున్నాం" అంటారు. అమ్మీలు, అబ్బాలు ట్యూషన్ పెట్టిస్తారు. ట్యూషన్‌లోనూ అదే సూత్రం ఇంకో యాభై సార్లు రాయిస్తారు. నా రాయ్ వేరు. సూత్రం మరిచిపోవడం పెద్ద సమస్య కాదు. అవి రెండూ రెండు వేర్వేరు చీజులన్న సంగతి ఆ పిల్లల చేతులకు ఎప్పుడూ తెలియలేదు. చేతికి తెలియనిది పెన్సిల్‌కు ఎలా తెలుస్తుంది?

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. మా హిసాబ్ కితాబులో వైశాల్యాన్ని రఖ్బా అనేవాళ్లు, చుట్టుకొలతను ఇహాతా అనేవాళ్లు. ఇహాతా మాకు కొత్త మాట కాదు. మస్జిద్ ఇహాతా, దర్గా ఇహాతా, స్కూల్ ఇహాతా అని పొద్దస్తమానం వినేదే. చుట్టూ ఉండే గోడ, ఆ గోడ లోపలి ఆవరణ. కాబట్టి "ఇహాతా ఎంత?" అంటే చుట్టూ తిరిగి రావాలని అర్థమయ్యేది. రఖ్బా అంటే పొలం కాగితాల మాట. తర్వాత డిగ్రీలో తెలుగు చదివాక చూస్తే, చుట్టుకొలత ఇంకా ముచ్చటైన మాట, పేరులోనే పని ఉంది. వైశాల్యం మాత్రం పుస్తకాల మాట. ఏ రైతూ "మా పొలం వైశాల్యం" అనడు. ఎకరాలంటాడు, సెంట్లంటాడు, కాగితం మీదైతే విస్తీర్ణం అని రాయిస్తాడు.

ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న పాత దస్తావేజు ఒకటి తీసి చూడండి. తూర్పు ఎవరి భూమి, దక్షిణం ఏ బోదె, పడమర ఏ డొంక, ఉత్తరం ఎవరి గట్టు అని నాలుగు హద్దులు ముందు రాస్తారు. ఉర్దూ దస్తావేజుల్లో దీన్నే హుదూదె అర్బా అనేవాళ్లు. మన తెలుగు 'హద్దు' కూడా ఆ అరబీ హద్ నుంచి వచ్చిందే. 'గజం' కూడా ఫారసీ గజ్. ఆ నాలుగు హద్దుల తర్వాత, వాటి మధ్యనున్న విస్తీర్ణం ఎంతో రాస్తారు. అంటే మన పెద్దలు హద్దు వేరు, విస్తీర్ణం వేరు అని ప్రతి కాగితంలో రాసి సంతకాలు పెట్టారు. ఐదో తరగతి పాఠం మొత్తం ఆ ఒక్క పేజీలో ఉంది. పిల్లలకు మాత్రం ఆ పెట్టె తెరిచి చూపించం.

మా ఖాలా వాళ్లది కోడూరు. అవనిగడ్డ దాటి, హంసలదీవి వైపు, కృష్ణమ్మ సముద్రంలో కలిసే కొసన. ఎటు చూసినా వరి మడులు, రొయ్యల చెరువులు, వాటి గట్లు. రఖ్బా, ఇహాతా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి క్లాస్‌రూమ్ ఉంటుందా? అయినా ఖాలా మనవరాలు హోంవర్క్ చేస్తూ 12ను 8తో గుణించి 96 అని రాసింది. "96 ఏమిటి బేటా?" అన్నాను. "ఆన్సర్ మామూ" అంది.

ఆ రోజు ఖాలా కొత్త దస్తర్‌ఖ్వాన్‌కు లేసు కుడుతోంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. లేసు ఎంత కావాలో కొలవమన్నాం. పిల్ల టేపు పట్టుకుని చుట్టూ తిరిగింది. ఆరు, మూడు, ఆరు, మూడు. మొత్తం 18 అడుగులు. తర్వాత పాత పేపర్లను అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలుగా కత్తిరించి గుడ్డ మీద పరచమన్నాం. వరుసకు ఆరు చొప్పున మూడు వరుసలు. అదీ 18. "రెండూ ఒకటే కదా!" అని ఎగిరి గంతేసింది. ఖాలా కూడా నా వైపు అనుమానంగా చూసింది, నేనేదో ఊరికే రెండు పేర్లు పెట్టి పిల్లను తిప్పలు పెడుతున్నానన్నట్టు.

అప్పుడు దస్తర్‌ఖ్వాన్‌ను సగానికి మడిచాం. మూడడుగులు, మూడడుగులు. పేపరు ముక్కలు తొమ్మిదే పట్టాయి. సరిగ్గా సగం. మరి లేసు? తొమ్మిది అడుగులు చాలాలి కదా. పిల్ల కొలిచింది, 12 వచ్చింది. మళ్లీ కొలిచింది, మళ్లీ 12. గుడ్డ సగమైంది, లేసు సగం కాలేదు! ఆ పిల్ల మొహంలో కనిపించిన హైరత్ నేను ఏ క్లాస్‌లోనూ చూడలేదు. కాసేపు ఆలోచించి తనే చెప్పింది: "మడత దగ్గర కొత్త అంచు పుట్టింది మామూ." ఆ మూడడుగుల కొత్త అంచే తేడా. ఏ సూత్రమూ చెప్పకుండా అసలు సంగతి పట్టేసింది. మొదటి 18 లేసు అడుగులు, రెండో 18 గుడ్డ చదరాలు. అంకె ఒకటైనంత మాత్రాన చీజ్ ఒకటి కాదు.

మన ఇళ్లల్లో కుట్టు మిషన్ లేని ఇల్లు తక్కువ. ఆపాలు, ఖాలాలు రోజూ చేసే హిసాబే ఇది. రెండున్నర మీటర్ల దుపట్టా, మీటరు పన్నా. చుట్టూ గోటా కుట్టాలంటే ఏడు మీటర్లు. గుడ్డ మాత్రం రెండున్నర చదరపు మీటర్లే. దుకాణంలో లేసునూ మీటర్లలోనే అమ్ముతారు, గుడ్డనూ మీటర్లలోనే అమ్ముతారు. పిల్లల అయోమయంలో సగం ఇక్కడ పుడుతుందని నాకనిపిస్తుంది. గుడ్డ మీటరంటే పొడవొక్కటే కాదు, దాని వెనక పన్నా దాక్కుని ఉంటుంది. 44 అంగుళాల పన్నాలో మీటరు వేరు, 60 అంగుళాల పన్నాలో మీటరు వేరు. ఈ సంగతి టైలరింగ్ చేసే ఆపాకు తెలుసు, బడిలో పిల్లకు తెలియదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

బందరు పక్కనున్న పెడన పేరు అద్దకం తెలిసిన వాళ్లందరికీ తెలుసు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కడి కలంకారీ ఈరాన్ దాకా ఓడలెక్కి పోయింది. 'కలంకారీ' అన్న మాటే ఫారసీ. పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. మధ్యలో నింపే అచ్చు వేరు, అంచుకు వేసే అచ్చు వేరు. గమనించారా, ఒకటి రఖ్బా అచ్చు, ఒకటి ఇహాతా అచ్చు!

దీన్నే బడిలో బంగాళదుంప కోసి, రంగులో ముంచి చేయించవచ్చు. నాలుగు అంగుళాల చదరపు అచ్చు అనుకుందాం. టేబుల్ క్లాత్ 72 అంగుళాల పొడవు, 48 అంగుళాల వెడల్పు. పొడవునా 18 అచ్చులు, వెడల్పునా 12. మొత్తం 216 అచ్చులు పడతాయి, అది రఖ్బా. ఇక చుట్టూ అంచుకు ఎన్ని? పుస్తకం చదివిన పిల్ల 18, 12 కలిపి రెండింతలు చేసి 60 అంటుంది. గుడ్డ మీద అద్ది చూస్తే 56తోనే అంచు పూర్తవుతుంది. నాలుగు ఎక్కడికి పోయాయి? మూల అచ్చు ఒక్కటే రెండు వైపులకూ పనిచేస్తుంది. అలాంటి మూలలు నాలుగు. లోపల మిగిలినవి 160. 160కి 56 కలిపితే 216, హిసాబ్ బరాబర్. అచ్చు వేసే మనిషికి ఇది లెక్కే కాదు, అలవాటు. అయితే ఆ 60 తప్పని కూడా అనకూడదు. చుట్టుకొలత 240 అంగుళాలే, అంటే అచ్చు పొడవుకు 60 రెట్లే. చుట్టూ గీసే గీత పొడవు ఒకటి, ఆ గీత వెంట కూర్చునే గళ్ల సంఖ్య ఇంకొకటి. ఈ తేడా గురించి ఒక గంట బహెస్ జరగనివ్వండి. ఆ గంటలో పిల్లలు నేర్చుకునేది నెల రోజుల వర్క్‌షీట్లలో రాదు.

ఇంకొకటి, దీనికి రూపాయి ఖర్చు లేదు. 24 అడుగుల తాడు తీసుకుని కొసలు ముడేయండి. నలుగురు పిల్లలను మూలల్లో నిలబెట్టండి. 11 అడుగుల పొడవు, అడుగు వెడల్పు పెడితే లోపల 11 చదరాలు. 10, 2 పెడితే 20. తర్వాత 27, 32, 35. ఆరు, ఆరు పెడితే 36. తాడు అదే, ఇహాతా అదే, లోపలి చోటు మూడింతలు దాటింది. ఎన్‌సీఈఆర్‌టీ పాత ఐదో తరగతి 'మ్యాథ్ మ్యాజిక్' పుస్తకంలో ఇలాంటి కథే ఉంది. వంద మీటర్ల తీగతో ఎంత భూమిని చుట్టగలిగితే అంత ఇస్తానంటాడు రాజు. భర్త పొడవు చతురస్రాలతో కుస్తీ పడుతుంటే, భార్య తీగను గుండ్రంగా పరిచి దాదాపు 800 చదరపు మీటర్లు కొట్టేస్తుంది. చదరంగా పెట్టినా 625 మించవు. మన 24 అడుగుల తాడును గుండ్రంగా పరిస్తే దాదాపు 46 చదరపు అడుగులొస్తాయి. ఖాలా మనవరాలు వెంటనే అడిగింది: "మరి పొలాలన్నీ గుండ్రంగా ఎందుకుండవు మామూ?" వంటింట్లోంచి గాజులు తెచ్చి పక్కపక్కన పెట్టమన్నాను. మధ్యలో ఖాళీలు కనిపించాయి. ఆ ఖాళీ ఎవరిది, పన్ను ఎవరు కడతారు అని ఖాలా అందుకుంది. రెవెన్యూ వాళ్ల సవాల్ అది!

ఈ తాలీమ్ మనకు పరాయిదేమీ కాదు. పదో శతాబ్దం బగ్దాద్‌లో అబుల్ వఫా బూజ్‌జానీ అనే గొప్ప రియాజీదాన్ ఉండేవాడు. చేతిపనుల వాళ్ల కోసమే ఒక జ్యామితి కితాబు రాశాడు. పలకలు కోసి అతికే కారీగర్లు, లెక్కల పండితులు కలిసి కూర్చున్న మజ్లిసుల సంగతి అందులో ఉంది. మూడు సమానమైన చదరాలను కోసి ఒకే చదరం చేయడం ఎలా అన్నది అక్కడి సవాల్. పండితులకు గీత గీసి నిరూపించడం తెలుసు, కత్తి పెట్టడం తెలియదు. కారీగర్లు కోసేవారు, కొన్నిసార్లు కంటికి సరిపోయినట్టుండి లెక్కకు తేడా వచ్చేది. అబుల్ వఫా చూపిన దారి ఇది: రెండు చదరాలను మూల నుంచి మూలకు కోస్తే నాలుగు ముక్కలు. మూడో చదరం నాలుగు వైపులా ఆ నాలుగింటినీ పొడుగు అంచు ఆనించి చక్రంలా పెట్టాలి. బయటి కొనలను గీతలతో కలిపి, పొడుచుకొచ్చిన ముక్కలు కోస్తే ఖాళీల్లో అతికినట్టు కూర్చుంటాయి. రంగు కాగితం, కత్తెర ఉంటే ఐదో తరగతి పిల్లలూ చేస్తారు. రఖ్బా ఒక్క పిసరు పోలేదు, రాలేదు, ఆకారం మాత్రం మారింది.

మన తెలుగులోనూ 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెచ్చాడు. అక్బర్ కోసం ఫైజీ 1587లో భాస్కరాచార్యుడి లీలావతిని ఫారసీలోకి మార్చాడు. కొలత విద్య ఎవరింట్లో ఉన్నా అడిగి తెచ్చుకున్నారు ఆ కాలం వాళ్లు.

అక్బర్ అంటే గుర్తొచ్చింది. పొలాలు కొలిచే జరీబ్ మొదట జనుపనార తాడు. మంచుకు తడిస్తే ముడుచుకునేది, ఎండితే సాగేది. ముడుచుకున్న తాడుతో కొలిస్తే రైతు భూమి కాగితం మీద పెరుగుతుంది, పన్ను కూడా పెరుగుతుంది. అందుకని తాడు తీసేసి, వెదురు కర్రలను ఇనుప కడియాలతో కలిపిన జరీబ్ పెట్టారని ఆయినె అక్బరీలో ఉంది. మన వైపు నది ఒడ్డు భూములను జరీబు భూములనడం అందరూ వినే ఉంటారు. ఆ మాటలో ఈ కొలత కర్ర ఉంది. ఇది చదివాక పిల్లలతో తాడు ముందు పొడిగా, తర్వాత తడిపి కొలిపించండి. కొలిచే వస్తువునే ముందు కొలవాలన్న బుద్ధి అక్కడ పుడుతుంది.

ఇవన్నీ సరదా కోసమే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. నన్ను ఈ విషయం వెంటాడటానికి కారణం మీరాస్. అల్ ఖ్వారిజ్మీ తొమ్మిదో శతాబ్దంలో అల్‌జబ్ర్ మీద రాసిన ఆ మష్హూర్ కితాబులో ఒక భాగం భూమి కొలతలది, పెద్ద భాగం వారసత్వపు హిస్సాలది. ఆ రెండూ ఒకే జిల్దులో ఎందుకున్నాయో దివిసీమలో పొలం పంపకం చూస్తే తెలుస్తుంది.

అయిదెకరాల చెక్క ఉందనుకుందాం. సర్వే గొలుసు 66 అడుగులు. పొలం పది గొలుసుల పొడవు, అయిదు గొలుసుల వెడల్పు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. షరియత్ లెక్కన కొడుకులకు రెండేసి ఎకరాలు, బిడ్డకు ఒక ఎకరం. అందరికీ రోడ్డు, బోదె అందాలని నిలువుగా చీలుస్తారు. ఆ ఉద్దేశం మంచిదే. అన్నదమ్ములకు 132 అడుగుల వెడల్పు, చెల్లికి 66 అడుగుల వెడల్పు, పొడవు అందరికీ 660 అడుగులు. కాగితం మీద ఇన్సాఫ్ జరిగింది.

ఇప్పుడు గట్లు వేయండి. ప్రతివాళ్లూ తమ వైపు చుట్టూ మూడడుగులు గట్టుకు వదిలారనుకుందాం. అన్నకు రెండెకరాల్లో దాదాపు 11 సెంట్లు పోతుంది. చెల్లికి ఒక్క ఎకరంలోనే దాదాపు 10 సెంట్లు పోతుంది. హిస్సా సగం, గట్టు నష్టం మాత్రం ఇంచుమించు అన్నతో సమానం! ఎందుకంటే ఆమె ఇహాతా 1452 అడుగులు, అన్నది 1584 అడుగులు. రఖ్బా సగమైనా ఇహాతా సగం కాలేదు. దస్తర్‌ఖ్వాన్ మడత దగ్గర పుట్టిన కొత్త అంచు లాంటిదే ఇది. అదే ఎకరాన్ని ఒక చివర అడ్డంగా, 330 అడుగులకు 132 అడుగులుగా ఇస్తే చుట్టుకొలత 924కి తగ్గి, గట్టుకు ఆరు సెంట్ల చిల్లరే పోతుంది. అప్పుడు రోడ్డు ఎవరి వైపు, నీళ్లెవరికి ముందు అన్నవి కూర్చుని మాట్లాడుకోవాలి. అడ్డంగానే చీల్చండని నేననను. ఆ సంగతి ఆ చెల్లికి సంతకానికి ముందే తెలిసి ఉండాలంటాను. ఒకింట్లో ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే పెద్దన్నే ఆశ్చర్యపోయాడు. ఆయన మనసులో మోసం లేదు. ఆయన కూడా ఐదో తరగతిలో సూత్రం రాసి పాసైన మనిషే.

ఇళ్ల స్థలాల విషయంలోనూ అంతే. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల్లో పల్లెటూళ్లకు సెంటున్నర ఇచ్చారు. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు. చదరపు అడుగుల్లో ఎంత? గజానికి మూడడుగులు కదా అని మూడుతో గుణించేవాళ్లను చదువుకున్న వాళ్లలోనూ చూశాను. నేల మీద గజం చదరం గీసి, అడుగు ముక్కలు పరిస్తే తొమ్మిది పడతాయి. 653.4 చదరపు అడుగులు. ఆ గీత ఒక్కసారి గీసిన పిల్ల జన్మలో మరిచిపోదు, స్థలాలమ్మే ఏ బ్రోకర్ దగ్గరా బోల్తా పడదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మన తీరంలో కట్టిన తుఫాను షెల్టర్లలో ఒక హాలు తీసుకోండి. 30 అడుగులకు 20 అడుగులు అనుకుంటే, మనిషి కూర్చోవడానికి ఆరు చదరపు అడుగుల చొప్పున వంద మంది. పిల్లలు సుద్దముక్కతో గీసుకుని అందులో కూర్చుని చూడాలి. అప్పుడు వంద మంది అనే మాటలో ఎంత ఇరుకుందో మోకాళ్లకు తెలుస్తుంది.

ఇక్కడ ఒక ఫిర్యాదు. ప్రాజెక్ట్ అనగానే మనకు థర్మోకోల్ గుర్తొస్తుంది. ఫ్యాన్సీ షాపులో షీట్లు కొని, రాత్రి పదకొండింటి దాకా అబ్బా కోసి, అమ్మీ అతికించి, పొద్దున పిల్ల మోసుకెళ్లే ఆ బంగళాలో చదువు ఎక్కడుంది? మార్కులు అబ్బాకు వేయాలి. మరోవైపు, నిజంగా తాడు, టేపు పట్టించే టీచరు దొరికితే "ఆటలాడించడానికా బడికి పంపేది" అని వెళ్లి గొడవ పడేది కూడా మనమే. రెండు మూడు తరగతులను ఒక్కతే చూసుకునే టీచరమ్మకు పిల్లలను వరండాలోకి తేవడమే పెద్ద పని. గుంపు గోల చేస్తుంది, తాడు చిక్కు పడుతుంది, పావుగంటకు అయ్యే పాఠం రెండు రోజులు పడుతుంది. సిలబస్ వెనకబడుతుంది, నిజమే. కానీ ఈ ఒక్క పాఠం దగ్గర రెండు రోజులు ఆగినా నష్టం లేదని నేను గట్టిగా అనుకుంటున్నాను. సూత్రం చివర్న రావాలి, పిల్లలు అడుగు ముక్కలు లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగొచ్చి "దీనికి అడ్డదారి లేదా టీచర్?" అని అడిగినప్పుడు.

పరీక్ష కూడా అలాగే పెట్టవచ్చు. ఒక చాప, ఒక టేపు ఇచ్చి, దీనికి అంచు పట్టీ ఎంత కావాలి, దీని మీద ఎంతమంది కూర్చోగలరు అని అడిగితే చాలు. ఏ ప్రశ్నకు కలపాలో, దేనికి గుణించాలో పిల్లే తేల్చుకోవాలి.

ఈసారి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల కాగితం పక్కన పెట్టి, ఐదో తరగతి గదిలో కొలత టేపులు ఎన్ని ఉన్నాయో అడగండి. ఒకటీ లేదంటే మిషన్ సొరుగులో ఉన్నది ఇచ్చి రండి. ఒక వైపు అంగుళాలుంటాయి, ఇంకో వైపు సెంటీమీటర్లు. కొన అరిగిపోయినదైతే ఎంత అరిగిందో చూసి చెప్పమని ఆ పని కూడా పిల్లలకే పెట్టండి.